జ్వరమొచ్చిన రోజు పదకొండు గంటల టీవీ

1960, 70, 80 దశకాల్లో అమెరికాలో చిన్నతనం గడిపినవాళ్లను పగటిపూట గేమ్ షోల గురించి కదిపి చూడండి. ఎవరు ఏం గెలిచారో చాలామందికి గుర్తుండదు. ఒంట్లో బాగోక బడికి వెళ్లని రోజు మాత్రం గుర్తుంటుంది. సోఫా మీద దుప్పటి, వంటింట్లో అమ్మో అమ్మమ్మో చేసే చప్పుడు, టీవీలో కోటూ టైతో నవ్వుతున్న ఒక పెద్దమనిషి. వస్తువుల ధర ఊహించే ‘ది ప్రైస్ ఈజ్ రైట్’ అనగానే వాళ్లకు ముందు జ్వరం గుర్తొస్తుంది, వస్తువుల ధరలు ఆ తర్వాతే.

పాత రోజులే బాగుండేవి అనే మామూలు నిట్టూర్పులో దీన్నీ కలిపేయొచ్చు. కానీ కాస్త విప్పి చూస్తే ఇందులో వేర్వేరు పోగులు పెనవేసుకుని ఉన్నాయి. ఒక కుంభకోణం ఉంది. చవగ్గా తీసి లాభం చేసుకునే వ్యాపారం ఉంది. చెరిపేసిన టేపులున్నాయి. అన్నిటికీ మించి ఒక తమాషా ఉంది: ఆ షోలు ఎవరి కోసం తీశారో, ఇప్పుడు వాటి మీద బెంగపెట్టుకున్నది వాళ్లు కాదు.

కుంభకోణంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ హోస్టుల తరం తయారైందే దాని వల్ల.

1955లో సీబీఎస్ అనే టీవీ నెట్‌వర్క్‌లో ‘ది 64,000 డాలర్ క్వశ్చన్’ మొదలైంది. అది రాత్రిపూట షో. అది హిట్టవగానే భారీ ప్రైజ్ మనీ ఉన్న క్విజ్‌లు వరసకట్టాయి. గాజు గదిలో నిలబడి, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ జవాబు కోసం తడుముకునే మేధావిని దేశమంతా ఊపిరి బిగబట్టి చూసేది. ‘ట్వంటీ వన్’ అనే క్విజ్‌లో చార్లెస్ వాన్ డోరెన్ అనే యూనివర్సిటీ అధ్యాపకుడు 1,29,000 డాలర్లు గెలిచి 1957లో ‘టైమ్’ పత్రిక ముఖచిత్రానికెక్కాడు. ఆ తడుముకోవడం కూడా ముందే నేర్పిందేనని తర్వాత బయటపడింది.

గుట్టు రట్టవడానికి దారి తీసింది మాత్రం ఒక పగటి షో. దాని పేరు ‘డాటో’. చుక్కలు కలుపుతూ పోతే ఒక ప్రముఖుడి బొమ్మ వస్తుంది, అదెవరో చెప్పాలి. ఆటంతా అంతే. 1958లో తెరవెనుక తన వంతు కోసం కూర్చున్న ఒక పోటీదారు కంట్లో, అప్పుడు ఆడుతున్నావిడ నోట్‌బుక్ పడింది. తెరిచి చూస్తే ఆవిడ స్టేజీ మీద చెబుతున్న జవాబులే అందులో రాసి ఉన్నాయి. ఆ ఆగస్టులోనే షోను ఉన్నపళంగా ఆపేశారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. 1959 నవంబర్‌లో వాన్ డోరెన్ కాంగ్రెస్ సబ్‌కమిటీ ముందు తప్పు ఒప్పుకున్నాడు. 1960లో ఇలా క్విజ్‌లు రిగ్ చేయడం నేరమని చట్టమే తెచ్చారు.

ఈ కథ చాలామంది రాశారు, ఇక్కడిదాకానే రాసి వదిలేశారు. నాకు ఆ తర్వాత జరిగిందే ముఖ్యం అనిపిస్తుంది. పెద్ద డబ్బంటే నెట్‌వర్కులకు భయం పట్టుకుంది. గాజు గదులు పోయాయి, బహుమతులు చిన్నవయ్యాయి. ఒక ఫ్రిజ్, ఒక సోఫా సెట్, కొన్ని వందల డాలర్లు. ‘డాటో’ మూతపడిన నెలలోనే ఎన్‌బీసీ అనే ఇంకో నెట్‌వర్క్‌లో పగటిపూట ‘కాన్సన్‌ట్రేషన్’ మొదలైంది. ముప్పై అంకెల బోర్డు మీద జతలు గుర్తుపెట్టుకుని, వెనకున్న బొమ్మల పొడుపుకథ విప్పాలి. మేధావితనం అక్కర్లేదు, జ్ఞాపకశక్తి చాలు. అది 1973 దాకా నడిచింది. పెద్ద డబ్బు షోలేవీ అందులో సగం కాలం కూడా బతకలేదు.

లక్ష డాలర్లు పందెంలో ఉంటే మధ్యలో నిలబడేది ఎవరైనా ఒకటే, జనం డబ్బునే చూస్తారు. పందెం ఒక ఫ్రిజ్ అయితే ఆ అరగంటను భుజానేసుకోవాల్సింది హోస్టే. పందెం తగ్గింది కాబట్టే మనిషి పెరిగాడు. కుంభకోణం తర్వాత ఇరవై ఏళ్లలో వచ్చిన పేర్లన్నీ అలా పెరిగినవే.

ఆ కుంభకోణం నుంచే పుట్టిన ఆట ఇంకోటుంది. నిర్మాత మెర్వ్ గ్రిఫిన్ తన భార్య జూలన్‌తో విమానంలో వస్తూ, క్విజ్ షోలకు ఇక దిక్కు లేకుండా పోయిందని మాట్లాడుకుంటుంటే ఆవిడ అందట: పోటీదారులకు జవాబులు ముందే ఇస్తున్నారనేగా గొడవ, అయితే జవాబులే ఇచ్చేద్దాం, ప్రశ్న వాళ్లు చెప్తారు. ఉదాహరణకి 5,280 అంటే, ‘మైలుకి ఎన్ని అడుగులు?’ అనాలి. అదే ‘జెపర్డీ’. 1964 మార్చి 30న ఎన్‌బీసీలో పగటిపూట మొదలైంది. హోస్ట్ ఆర్ట్ ఫ్లెమింగ్. ఇతని సంగతి మళ్లీ వస్తుంది, విచారంగా.

ఇక మనుషుల దగ్గరికొద్దాం. ఆ తరం హోస్టుల్లో చాలామంది రేడియో నుంచి వచ్చారు. ఏమీ జరగనప్పుడు కూడా మాట ఆగకుండా, అలాగని వాగుతున్నట్టు అనిపించకుండా నెట్టుకురావడం రేడియో నేర్పే విద్య. బిల్ కల్లెన్‌ది అదే దారి. 1956 నవంబర్ 26న ఎన్‌బీసీలో మొదలైన మొదటి ‘ది ప్రైస్ ఈజ్ రైట్’కి ఆయనే హోస్ట్. పసివయసులో పోలియో వచ్చి కుంటుతూ నడిచేవాడు. ఇంట్లో చూసేవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. కెమెరా ఆయన మీదికి వచ్చేసరికి కుర్చీలో కూర్చునో, డెస్కు వెనక నిలబడో ఉండేవాడు. సెట్లు కూడా ఆయన నడక తక్కువ ఉండేలా వేసేవారు. ఒకసారి కమెడియన్ మెల్ బ్రూక్స్ షోకి వచ్చి, కల్లెన్ సరదాకి అలా నడుస్తున్నాడనుకుని తనూ కాళ్లు ఈడ్చుకుంటూ ఎదురెళ్లాడు. కల్లెన్ నొచ్చుకోలేదు సరికదా, తన నడకను ఆటపట్టించే ధైర్యం ఇన్నాళ్లకు ఒకడు చేశాడని సంబరపడ్డాడు. విషయం తెలిశాక తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదని బ్రూక్స్ తర్వాత చెప్పుకున్నాడు. ఎదుటివాడిని ఇబ్బంది పడనివ్వకపోవడం ఆ ఉద్యోగంలో సగం. కల్లెన్‌కి అది స్టేజీ దిగాక కూడా పోలేదు.

మాంటీ హాల్‌ది దీనికి పూర్తిగా వేరే దారి. కెనడాలోని విన్నిపెగ్ నుంచి వచ్చినవాడు. 1963 డిసెంబర్ 30న మొదలైన ‘లెట్స్ మేక్ ఎ డీల్’లో ప్రశ్నలూ జవాబులూ ఏమీ లేవు, బేరమే ఆట. చేతిలో ఉన్నది ఉంచుకుంటావా, తెర వెనక ఉన్నదానికి మార్చుకుంటావా? తెర తీస్తే కారుండొచ్చు, మేకపిల్ల ఉండొచ్చు. మొదట్లో జనం మామూలు బట్టల్లోనే వచ్చేవారు. ఎవరో ఒకావిడ హాల్ దృష్టిలో పడాలని అట్టముక్క మీద ప్రాసతో రెండు ముక్కలు రాసుకొచ్చింది. అది పనిచేసింది. ఇంకేముంది, తర్వాత అట్టలు, టోపీలు, చివరికి కోడి వేషాలు.

హాల్ పేరు ఇప్పుడు గణితంలో కూడా ఉంది. మూడు తలుపులు, ఒకదాని వెనక కారు. మీరొకటి ఎంచుకున్నాక హోస్ట్ మిగిలిన రెండిట్లో కారు లేని తలుపు తెరిచి, మారతారా అని అడుగుతాడు. మారితే గెలిచే అవకాశం మూడింట రెండొంతులు. 1990లో మారిలిన్ వాస్ సావంట్ తన పత్రికా శీర్షికలో ఇదే చెబితే, ప్రొఫెసర్లు కూడా ఆవిడ తప్పని ఉత్తరాలు రాశారు. లెక్క ఆవిడదే కరెక్టు. కానీ ఆ లెక్క నిలవాలంటే హోస్ట్ ప్రతిసారీ తప్పనిసరిగా తలుపు తెరిచి అవకాశం ఇవ్వాలి. అసలు షోలో హాల్‌కు అలాంటి రూలేమీ లేదు. ఇష్టమైతే తెరుస్తాడు, లేకపోతే నోట్ల కట్ట చూపించి ఊరిస్తాడు. 1991లో ‘న్యూయార్క్ టైమ్స్’ విలేఖరికి ఆయన తన ఇంట్లోనే ఈ ఆట ఆడి చూపించాడు. విలేఖరి మొదట ఎంచుకున్న తలుపు వెనక కారు లేకపోతే హాల్ మారే అవకాశమే ఇవ్వలేదు, ఉంటే మారమని ఊరించాడు. అంటే ఆ ఆటలో సంభావ్యత కన్నా హాల్ బుర్రే పెద్ద ముక్క. గణితజ్ఞులు దశాబ్దాలుగా తన్నుకుంటున్న లెక్కలో హోస్ట్‌ను తీసేస్తే ఆటే మిగలదన్నమాట. నా వాదనకి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

ఈ మనుషులు అంత దగ్గరివాళ్లలా అనిపించడానికి వాళ్ల గుణమొక్కటే కారణం కాదు, బడ్జెట్ కూడా కారణమే. పగటి గేమ్ షో అంటే ఒకే సెట్, ఒక హోస్ట్, ఒక అనౌన్సర్, జీతం అక్కర్లేని పోటీదారులు. బహుమతుల్లో చాలావరకు కంపెనీలే ఇచ్చేవి, బదులుగా అనౌన్సర్ వాటి గొప్పలు చదివేవాడు. మనం బహుమతి అనుకునేది నిజానికి ప్రకటన. వారం ఎపిసోడ్లు ఒకటి రెండు రోజుల్లో చుట్టేసేవారు. సోమవారం నీలం కోటు, మంగళవారం గోధుమరంగు కోటు అని ఇంట్లో వాళ్లు అనుకుంటుంటే, ఆ రెండింటి మధ్యా గడిచింది బట్టలు మార్చుకునే టైమే. టేక్ మీద టేక్ తీసే తీరిక లేదు. నోరు జారినా, బోర్డు మొరాయించినా అలాగే వెళ్లిపోయేది. ‘మ్యాచ్ గేమ్’లో సెలబ్రిటీలు భోజన విరామంలో ఒక గ్లాసు ఎక్కువ వేసుకుని రావడం, చివర్లో తీసిన ఎపిసోడ్లలో గోల పెరగడం అభిమానులకు తెలిసిన ముచ్చటే. సన్నగా పొడుగ్గా ఉండే మైకు పట్టుకుని హోస్ట్ జీన్ రేబర్న్ ఆ గోల మధ్య తిరుగుతుంటే షోలా ఉండదు, ఎవరింట్లోనో పార్టీకి కిటికీలోంచి తొంగిచూస్తున్నట్టుంటుంది. బాగా డబ్బు పెట్టి తీసుంటే అదంతా ఎడిటింగ్‌లో పోయేది.

మరి ఇదంతా ఎవరి కోసం? పగలు ఇంట్లో ఉండే గృహిణుల కోసం. ప్రకటనలన్నీ సబ్బులు, డిటర్జెంట్లు, ఇంటి సరుకులు. కిరాణా వస్తువుల ధర ఊహించడమే ఆటగా పెట్టారంటే, రోజూ సరుకులు కొనేవాళ్లే చూస్తున్నారని తెలిసే పెట్టారు. బడిపిల్లలు ఆ లెక్కలో లేరు. వాళ్లు సెలవుల్లోనో, జ్వరంలోనో అనుకోకుండా ఆ గదిలో ఉన్నారంతే. ఆ తల్లుల్లో చాలామంది ఇప్పుడు లేరు. జ్ఞాపకం మిగిలింది పక్కన దుప్పటిలో ముడుచుకున్న వాళ్ల దగ్గర. నాన్న ఆఫీసులో ఉన్న వేళ, బడి నడుస్తున్న వేళ, పెద్దవాళ్ల ప్రపంచం పగలు ఎలా ఉంటుందో వాళ్లకు అప్పుడే కనిపించింది. అందులో రోజూ అదే టైముకి వచ్చి, ఎవరినీ కసురుకోకుండా మాట్లాడే ఒక పెద్దమనిషి ఉన్నాడు. వాళ్లకు కావలసింది ఆట కాదు, ఆ వేళ.

బాబ్ బార్కర్ మీద అంత ప్రేమ ఎందుకో కూడా ఇక్కడే అర్థమవుతుంది. 1968 నాటికి సీబీఎస్ పగటి గేమ్ షోలను వదిలేసింది. మళ్లీ 1972 సెప్టెంబర్ 4న ఒకేరోజు మూడు మొదలుపెట్టింది. వాటిలో ఒకటి బార్కర్ హోస్ట్‌గా కొత్త ‘ప్రైస్ ఈజ్ రైట్’. ఇంకొకటి ‘ది జోకర్స్ వైల్డ్’, దాని హోస్ట్ జాక్ బ్యారీ. ఎవరీ బ్యారీ అంటే, ‘ట్వంటీ వన్’ కుంభకోణంలో పరువు పోగొట్టుకున్న ఆ హోస్టే. పగటి టీవీ క్షమాగుణం అలాంటిది. బార్కర్ 35 ఏళ్లు అక్కడే ఉన్నాడు. 1987లో జుట్టుకి రంగు వేయడం మానేసి తెల్లజుట్టుతో వచ్చాడు. మొదటి ఎపిసోడ్‌ను జ్వరంతో చూసిన పిల్ల, 2007 జూన్‌లో ఆయన చివరి ఎపిసోడ్ చూసేసరికి తన పిల్లల జ్వరానికి సెలవు పెడుతుండొచ్చు. చివరి రోజు కూడా రోజూ చెప్పే మాటే చెప్పి దిగాడు: మీ కుక్కలకూ పిల్లులకూ కుటుంబనియంత్రణ ఆపరేషన్ చేయించండి. 2023లో 99 ఏళ్ల వయసులో పోయాడు.

అయితే బెంగ అంతా తేనె పూసినట్టు ఉండకూడదు. అదే షోలో కార్ల పక్కన నవ్వుతూ నిలబడ్డ మోడళ్లలో కొందరు 1990ల నుంచి కోర్టుకెక్కారు. 1976లో మొదలైన ‘ఫ్యామిలీ ఫ్యూడ్’లో హోస్ట్ రిచర్డ్ డాసన్ వచ్చిన ప్రతి ఆడమనిషినీ ముద్దుపెట్టుకునేవాడు. అప్పట్లో దాన్ని ఆప్యాయత అన్నారు. ఇప్పుడు ఆ క్లిప్పులు చూస్తే కొందరి మెడ ఒక అంగుళం వెనక్కి జరగడం కనిపిస్తుంది. 1994లో షోకి తిరిగొచ్చినప్పుడు ఆయనే ఆ అలవాటు మానేశాడు, చిన్న కూతురికి మాటిచ్చానని చెప్పి.

ఇక టేపుల సంగతి. అప్పటి వీడియో టేపు రెండంగుళాల వెడల్పు, ఖరీదెక్కువ, పైగా చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. జవాబు తెలిసిపోయిన ఆటను మళ్లీ ఎవరు చూస్తారు? అందుకే నెట్‌వర్కులు తుడిచేశాయి. ఆర్ట్ ఫ్లెమింగ్ ‘జెపర్డీ’ పదేళ్లకు పైగా నడిచింది, 2,700కి పైగా ఎపిసోడ్లు తీశారు. మిగిలినవి చాలా కొద్ది. 1975 జనవరి 3న అది ఆగింది. మూడు రోజులకే అదే చానల్లో గ్రిఫిన్ కొత్త ఆట ‘వీల్ ఆఫ్ ఫార్చ్యూన్’ తిరగడం మొదలైంది. దాని తొలి ఏళ్ల పగటి ఎపిసోడ్లలోనూ చాలావరకు పోయాయి. ఇవాళ ‘జెపర్డీ’ అంటే 1984లో వచ్చిన అలెక్స్ ట్రెబెక్ ముఖమే అందరికీ గుర్తు. ఫ్లెమింగ్ ఏ విధంగానూ తక్కువ కాదు, ఆయన టేపు తక్కువ.

గేమ్ షోలు తీసే గుడ్సన్-టాడ్‌మన్ కంపెనీ మాత్రం తన షోలను చాలావరకు దాచుకుంది. 1994 డిసెంబర్‌లో గేమ్ షోలకే ఒక కేబుల్ చానల్, 2015లో ‘బజర్’ అనే ఇంకో చానల్ వచ్చి ఆ సరుకునే రోజంతా వేశాయి. దాంతో అప్పటికి పుట్టనివాళ్లకు కూడా ఆ రోజుల మీద బెంగ పుట్టింది. స్వర్ణయుగం అంటూ మనం చెప్పుకునే జాబితా చాలావరకు ఒక కంపెనీ బీరువాలో ఏముందన్నదాన్ని బట్టే తయారైంది. ఇది ఒప్పుకోవడానికి అభిమానులకు కాస్త కష్టంగా ఉంటుంది.

టేపు మరోలా కూడా చరిత్రలోకెక్కింది. 1984లో ఒహాయోకి చెందిన మైఖేల్ లార్సన్ అనే ఐస్‌క్రీమ్ బండి డ్రైవర్, ఇంట్లో వీసీఆర్ ముందు కూర్చుని ‘ప్రెస్ యువర్ లక్’ అనే గేమ్ షోను మళ్లీ మళ్లీ చూశాడు. అందులో బోర్డు మీద పరుగెత్తే దీపాన్ని బటన్ నొక్కి ఆపాలి, ఆగిన గడిలో ఏముంటే అది. 18 గళ్ల బోర్డు మీద దీపం ఇష్టమొచ్చినట్టు పరుగెడుతున్నట్టు కనిపిస్తుంది కానీ అది ఐదు పద్ధతుల్లోనే తిరుగుతోందని కనిపెట్టాడు. రెండు గళ్లలో డబ్బంతా ఊడ్చుకుపోయే ‘వామీ’ బొమ్మ ఎప్పుడూ రాదనీ పట్టేశాడు. షోకెళ్లి మొదటిసారే వామీ మీద పడ్డాడు. తర్వాత నలభైకి పైగా సార్లు వరసగా వామీ తగల్లేదు. ఆ ఎపిసోడ్‌లో హోస్ట్ పీటర్ టోమార్కన్ ముఖం చూడాలి. మొదట సంతోషం, తర్వాత ఆశ్చర్యం, ఆ తర్వాత మాటలు అయిపోయిన మనిషి మౌనం. ఇక చాలు, ఆపేయొచ్చుగా అన్నట్టు చూస్తాడు. లార్సన్ మొత్తం 1,10,237 డాలర్లు పట్టుకెళ్లాడు. ఆట అరగంటలో పట్టక రెండు రోజులు వేశారు. మోసం కిందకు వస్తుందా అని చానల్ తర్జనభర్జన పడి, ఏ రూలూ తప్పలేదని తేలాక డబ్బిచ్చేసింది. దీపం వైపు అంత శ్రద్ధగా చూస్తారని ఆ బోర్డు తయారుచేసినవాళ్లు అనుకోలేదు. పగటి టీవీని ఎవరూ అలా చూడరు, పని చేసుకుంటూ ఒక చెవి వేసి ఉంచుతారు.

ఆ ఒక చెవి కాలం ఎక్కువరోజులు సాగలేదు. ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లారు, ఇంట్లో ఉన్నవాళ్లను ఓప్రా లాంటి టాక్ షోలు లాగేసుకున్నాయి. 1990ల మధ్యకొచ్చేసరికి పెద్ద నెట్‌వర్కుల్లో పగటిపూట మిగిలిన గేమ్ షో ‘ది ప్రైస్ ఈజ్ రైట్’ ఒక్కటే. 2009లో సీబీఎస్ ‘లెట్స్ మేక్ ఎ డీల్’ను తిరిగి తెచ్చింది. దానికి చోటిచ్చి తప్పుకున్నది 1937లో రేడియోలో మొదలైన ‘గైడింగ్ లైట్’ సీరియల్. తీయడానికి ఏది చవకో అదే నిలిచింది, మళ్లీ.

దాచిన టేపుల్లో ఒకటి చూడమంటే నేను 1960ల ‘పాస్‌వర్డ్’ చెప్తాను. 1961లో సీబీఎస్‌లో మొదలైంది. హోస్ట్ ఆలెన్ లడెన్, దళసరి కళ్లజోడు, బడిపంతులు వాలకం. అతిథుల్లో ఒకరు నటి బెట్టీ వైట్. అతను పెళ్లాడమని ఏడాది పాటు అడిగితే చివరికి 1963లో ఒప్పుకుంది. 1981లో అతను పోయాక మరో నలభై ఏళ్లు బతికింది, మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ టేపుల్లో వాళ్లకింకా ఇవేవీ తెలియవు. ఒకరు ఒకే ఒక్క మాట క్లూగా ఇవ్వాలి, జతగాడు అసలు మాట పట్టుకోవాలి. స్టూడియో నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు అనౌన్సర్ గొంతు బాగా తగ్గించి, పోటీదారులకు వినబడకుండా, దుప్పటిలో పడుకున్న పిల్లకు మాత్రమే చెబుతున్నట్టు ఆ మాటేమిటో గుసగుసగా చెప్పేస్తాడు.